సైకిల్ బాటిల్ మూతిలో నల్లటి బూజు: కడిగితే పోతుందా, కొత్తది కొనాలా?

కొత్తచక్రం | హైదరాబాద్ | ఆదివారం, ఉదయం 10:40

అందరికీ నమస్తే. సైకిల్ తొక్కడం మొదలుపెట్టి ఏడు నెలలు. వారంలో మూడు రోజులు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాక్ మీద నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్లొస్తాను. ఆదివారం గండిపేట.

ఈ రోజు ఇంటికొచ్చాక బాటిల్ మూత తిరగేసి చూస్తే, నోట్లో పెట్టుకునే మూతి లోపల నల్లటి చుక్కలు. టీ పొడి పడిందేమో అనుకున్నా. అగ్గిపుల్లతో గీకితే పుల్ల కొసకి నల్లగా, జిగురుగా ఏదో అంటుకొచ్చింది. వాసన కూడా చూశాను, చూడకుండా ఉండాల్సింది. ఇన్నాళ్లూ దాన్నే పళ్లతో పట్టి లాగి తాగుతున్నా.

కడగదు అనుకోకండి. రోజూ కడుగుతా. అంటే... నీళ్లు పోసి, మూత బిగించి, గలగలా ఊపి పారబోస్తా. నీళ్లే కదా అని. ఎండలు ముదిరాక మాత్రం గ్లూకోజ్ పొడో, ఉప్పు పంచదార వేసిన నిమ్మరసమో పోసుకుంటున్నా.

ఇది కడిగితే పోతుందా, పారేయాలా? కొంటే ఏది కొనాలి? అమ్మేమో "శుభ్రంగా స్టీలు బాటిల్ తీసుకెళ్లక ఈ ప్లాస్టిక్ ఏంటి" అంటోంది. నాది చిన్న ఫ్రేమ్. పెద్ద బాటిల్ పెడితే తీసేటప్పుడు పైన అడ్డంగా ఉండే గొట్టం, అదే టాప్ ట్యూబ్‌కి తగులుకుంటుంది. అది కూడా చూసి చెప్పండి.

బెజవాడ మాస్టారు | విజయవాడ | ఆదివారం, ఉదయం 11:15

ముందు ఆ మూతిని నోట్లో పెట్టుకోవడం ఆపు తల్లీ. మిగతావి తర్వాత.

నువ్వు కడుగుతున్నది బాటిల్‌ని, మురికి ఉన్నది మూతలో. కుక్కర్ మూతకి రబ్బరు తీయకుండా కడిగితే దాని కింద పప్పు ఎలా పేరుకుంటుందో తెలుసుగా, ఇదీ అంతే. మూత తిరగేస్తే లోపలి అంచున సిలికాన్ రింగు ఉంటుంది. చెంచా కాడతో మెల్లగా లేపు. పిన్నీసు, చాకు వద్దు, రింగు తెగిందా ఇక ఆ బాటిల్ కారుతూనే ఉంటుంది. రింగు కింద కూడా నలుపు కనిపిస్తుంది, కంగారు పడకు.

తర్వాత మూతి. పైకి లాగి తాగే ముక్క చాలా వాటికి గట్టిగా లాగితే టప్పున ఊడొస్తుంది. రాకపోతే గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి లాగు. కొన్నిటికి ఏం చేసినా ఊడదు. అలాంటిది అయితే మాత్రం దానికి దండం పెట్టి వదిలేయడమే. లోపలికి బ్రష్ పోని చోటు ఎప్పటికీ శుభ్రం కాదు.

ఊడిన ముక్కలన్నీ ఒక గిన్నెలో వేసి, చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వెయ్యి. అరగంట నానాక పాలపీకలు కడిగే చిన్న బ్రష్‌తో తోము, మెడికల్ షాపులో దొరుకుతుంది. బాటిల్ లోపలికి పొడుగు సీసా బ్రష్. స్టీలు పీచు పొరపాటున కూడా వద్దు, గీతలు పడితే ఆ గీతల్లోనే కాపురం పెడతాయి. మరిగే నీళ్లూ వద్దు. మెత్తటి ప్లాస్టిక్ వంకర తిరిగిపోతుంది, తర్వాత మూత సరిగా బిగియదు.

ఇంతా చేసి తడిగా మూత పెట్టి అలమరలో పెడితే కడిగింది దండగ. ముక్కలు విడివిడిగా, బాటిల్ బోర్లించి, రాత్రంతా ఆరాలి. నేను చపాతీ కర్రని గిన్నెల బుట్టలో నిలబెట్టి దానిమీద బోర్లిస్తాను, లోపలికి గాలి ఆడుతుంది. చపాతీలు చేసే రోజున మా ఇంట్లో ఈ పద్ధతికి అంత మర్యాద ఉండదు.

గాలి తగ్గింది | వరంగల్ | ఆదివారం, మధ్యాహ్నం 12:05

నా బాటిల్‌కి మూడేళ్లు. ఒక్కసారి కూడా మూతి విప్పలేదు. బతికే ఉన్నా. ఊరికే టెన్షన్ పెడుతున్నారు ఆ అమ్మాయిని. చిన్నప్పుడు పొలంలో బోరు కింద దోసిలి పట్టి తాగినోళ్లం, మనకేమైంది?

పెట్రీ పళ్లెం | విశాఖపట్నం | ఆదివారం, మధ్యాహ్నం 12:50

బోరు కింద దోసిలి పట్టినవి పారే నీళ్లు అన్నా. మీ మూతిలోవి నిలవ నీళ్లు. తేడా అక్కడే.

నాది మైక్రోబయాలజీ ల్యాబ్ ఉద్యోగం కాబట్టి రెండు ముక్కలు. కొత్తచక్రం గారు అగ్గిపుల్లతో తీసిన ఆ జిగురు ఉత్త మురికి కాదు. తాగిన ప్రతిసారీ మన నోటి నుంచి కొంచెం ఉమ్మి, అందులోని బ్యాక్టీరియా బాటిల్‌లోకి వెళ్తాయి. గాల్లోంచి బూజు విత్తులు వస్తాయి. అవి ప్లాస్టిక్‌కి అతుక్కుని తమ చుట్టూ తామే జిగురు పొర కట్టుకుంటాయి. నీళ్లు పోసి ఊపితే ఆ పొర కదలదు, రుద్దితేనే తెగుతుంది. వేలు పెట్టి చూస్తే బాటిల్ లోపలి గోడ జారుడుగా తగిలిందంటే పొర మొదలైనట్టే, కంటికి ఏమీ కనపడకపోయినా సరే. గ్లూకోజ్, పంచదార పోస్తే వాటికి మేత. పైగా మన వేసవి వెచ్చదనం. అందుకే మీకు ఎండాకాలంలో బయటపడింది.

తాగిన ప్రతివాళ్లకీ జబ్బు చేస్తుందని అనను. చాలామందికి ఏమీ కాదు. కానీ ఏదో రోజు విరేచనాలు పట్టుకుంటే అది బాటిల్ వల్లా, దారిలో తిన్న మిర్చి బజ్జీ వల్లా అని ఎవరూ తేల్చలేరు. మూతి మీద పడే రోడ్డు బురద సంగతి కూడా ఉంది. వానాకాలంలో గేదెలు నడిచిన రోడ్డు మీద ముందు చక్రం చిమ్మేది నేరుగా డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ నుంచి పెడల్స్ వైపు దిగే గొట్టం) మీది బాటిల్ మూతి మీదకే. ఆ రోడ్డు మీద ఉన్నది ఏమిటో మీకు తెలుసు. మూతి మీద టోపీ ఉన్న బాటిల్ చూసుకోండి, లేదా తాగే ముందు ఒక పిండు పిండి బయటికి చిమ్మండి.

రెండువందల కి.మీ. | హైదరాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

కొనే విషయం నేను చెప్తా. నాలుగేళ్లుగా బ్రెవేలు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు, తొక్కుతున్నా. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు టైమ్ ఇస్తారు, ఆ పొడుగునా చేతిలో ఉండేది బాటిలే కాబట్టి దీని మీద బాగానే డబ్బు తగలేశాను.

అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకం చెప్పే నంబరు చూడండి. 4 ఉంటే ఎల్‌డీపీఈ, మెత్తగా ఉంటుంది, ఒంటి చేత్తో పిండితే ధారగా నోట్లో పడుతుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, కొంచెం బిరుసు. చాలా సైకిల్ బాటిళ్లు ఈ రెంటిలోనే వస్తాయి. 1 ఉన్నది మినరల్ వాటర్ బాటిల్ ప్లాస్టిక్, ఒకసారి వాడి పడేసేది. అరలీటరు మినరల్ వాటర్ బాటిల్‌ని కేజ్‌లో (ఫ్రేమ్‌కి బిగించే బాటిల్ స్టాండులో) పెట్టి స్పీడ్ బ్రేకర్ ఎక్కించి చూడండి, సన్నగా ఉంటుంది కాబట్టి ఎగిరి పడుతుంది.

డెకాథ్లాన్ మామూలు బాటిల్‌తో మొదలుపెట్టడంలో తప్పేం లేదు. క్యామెల్‌బ్యాక్ పోడియం ఖరీదు ఎక్కువే, కానీ దాని మూతిని పళ్లతో లాగక్కర్లేదు. పిండితే వస్తుంది, వదిలితే దానంతటదే మూసుకుంటుంది. వాల్వ్ విడిగా ఊడొస్తుంది కాబట్టి కడగడం సుఖం. ఎలైట్ ఫ్లై చాలా పలచన, తేలిక. స్పెషలైజ్డ్ ప్యూరిస్ట్‌కి లోపల గాజులాంటి సన్నటి పూత ఉంటుంది, వాసన పట్టదు. దాన్ని మాత్రం గట్టి బ్రష్‌తో గీకకండి.

అయితే షాపులో బ్రాండు కంటే ముందు చూడాల్సింది వేరే ఉంది. మూత తీసి మీ చెయ్యి లోపలికి పెట్టండి. నాలుగు వేళ్లు దూరాలి. తర్వాత అక్కడే, సేల్స్‌మ్యాన్ ఎదురుగానే, మూతి ఊడదీసి మళ్లీ పెట్టండి. అతను మీ వంక అదోలా చూస్తాడు. చూడనివ్వండి.

చిన్న ఫ్రేమ్‌కి: పక్క నుంచి తీసే కేజ్‌లు దొరుకుతాయి, సైడ్ ఎంట్రీ అని అడగండి. కేజ్ బిగించే స్క్రూ రంధ్రాల మధ్య దూరం దాదాపు అన్ని సైకిళ్లకీ 64 మి.మీ. ఉంటుంది కాబట్టి మీ ఫ్రేమ్‌కి సరిపోతుంది. డౌన్ ట్యూబ్ మీద 650, సీటు కింది గొట్టం, అంటే సీట్ ట్యూబ్ మీద 500 మి.లీ. పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

భీమిలి రోడ్డు | విశాఖపట్నం | ఆదివారం, సాయంత్రం 5:10

స్టీలు బాటిల్ గురించి అమ్మగారికి చెప్పాల్సింది: అమ్మగారు సగం కరెక్టు. కడగడానికి స్టీలుని మించింది లేదు. కానీ పిండలేం. ప్రతిసారీ ఆగి, మూత తిప్పి, తల వెనక్కి వాల్చి తాగాలి. బరువు సరేసరి. పైగా కేజ్‌లో పట్టాలి. సైకిల్ బాటిళ్ల అడ్డుకొలత 7.4 సెం.మీ. అటూ ఇటూగా ఉంటుంది. ఇంట్లో బాటిల్ పడుతుందో లేదో తెలియాలంటే దారం చుట్టి కొలవండి, చుట్టుకొలత 23 సెం.మీ. వస్తే పడుతుంది.

నాది 22 వచ్చింది. ఒక సెంటీమీటరే కదా అని పెట్టా. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్తుంటే రుషికొండ దిగుడులో కేజ్‌లోంచి ఎగిరి, వెనక వస్తున్న మా బావమరిది చక్రం కింద పడింది. అతను పడలేదు కానీ ఆ రోజు నుంచి నా వెనక తొక్కడం మానేశాడు.

డాలస్ ఎండ | టెక్సాస్ | సోమవారం, ఉదయం 7:20

మాకూ ఇక్కడ వేసవిలో రాయలసీమకి తగ్గని ఎండ. చల్లగా ఉంచే రెండు గోడల బాటిళ్లు వాడుతున్నా. ఒక మాట గుర్తుంచుకోండి, పైకి అంతే ఎత్తు ఉన్నా మామూలు దానికంటే లోపల నీళ్లు తక్కువ పడతాయి, గోడ మందం తినేస్తుంది కాబట్టి. పిండడానికీ కొంచెం బిరుసు.

చవక పద్ధతి: రాత్రి బాటిల్‌లో సగం కంటే తక్కువ నీళ్లు పోసి, మూత వదులు చేసి, ఫ్రీజర్‌లో ఏటవాలుగా పెట్టండి. పొద్దున పైన మామూలు నీళ్లు. నిండా పోసి పెట్టారో పగులుతుంది. నీళ్లు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయి.

కడగడం అంటారా, డిష్‌వాషర్ పై అరలో పడేస్తా. బూజు పడితే నీళ్లలో బ్లీచ్, వెనిగర్ రెండూ కలిపి పోసేస్తే చచ్చినట్టు పోతుంది.

బెజవాడ మాస్టారు | విజయవాడ | సోమవారం, ఉదయం 7:35

బాబూ, ఆ చివరి వాక్యం ఎవరూ పాటించకండి!! ముప్పై రెండేళ్లు కెమిస్ట్రీ చెప్పినవాడిగా చెప్తున్నా. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, బాత్రూమ్ కడిగే యాసిడ్ గానీ, ఏ పులుపు కలిపినా క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులు మూసిన వంటింట్లో అది ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.

బ్లీచ్ వాడాలంటే ఒక్కటే వాడండి. వాసన కలపని మామూలు లిక్విడ్ బ్లీచ్ లీటరు నీళ్లకి ఒక టీస్పూను, అంతకు మించి అక్కర్లేదు. ముందు సబ్బుతో రుద్దాలి, ఆ తర్వాతే ఇది. బాటిల్ నింపి ఊపి, ముక్కల్ని కూడా అందులోనే ముంచి, కాసేపుంచి పారబోసి, మంచినీళ్లతో రెండు మూడు సార్లు జాడించాలి. చిన్నపిల్లల సీసాల స్టెరిలైజింగ్ లిక్విడ్ దొరికితే అదీ ఈ జాతిదే, దాని మీద రాసిన కొలత ప్రకారం వాడండి.

వెనిగర్ వేరే రోజు. సగం నీళ్లు, సగం తెల్ల వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే వాసన తగ్గుతుంది. బోరు నీళ్ల ఊళ్లలో బాటిల్ లోపల తెల్లటి పొర కడుతుంది కదా, దానికి కూడా ఇదే మందు. వెనిగర్ వాసన పడకపోతే కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడగండి.

ఇంకో ముచ్చట. వంట సోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది, వీడియోల్లో చూసి అందరూ అదే చేస్తున్నారు. పొంగడం చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లలాంటిదే. కొత్త బాటిల్ ప్లాస్టిక్ వాసనకి వంట సోడా రెండు చెంచాలు గోరువెచ్చని నీళ్లలో ఒక్కటే వేసి రాత్రంతా ఉంచండి, పని చేస్తుంది.

డాలస్ ఎండ | టెక్సాస్ | సోమవారం, ఉదయం 7:50

అమ్మో. మాస్టారూ, గత వారమే చేశాను. గరాజ్‌లో తలుపు తెరిచి ఉండబట్టి బతికిపోయినట్టున్నా, కళ్లు మండాయి. పైన పోస్ట్‌లో ఆ వాక్యం తీసేయమని మోడరేటర్‌ని అడుగుతాను.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 9:00

తీయడం లేదు. కింద మాస్టారి జవాబుతో కలిపి ఉంటేనే నలుగురికీ పనికొస్తుంది.

పిండి మిల్లు మలుపు | రాజమహేంద్రవరం | సోమవారం, మధ్యాహ్నం 1:25

మూతిలో బూజు కంటే పెద్ద అవమానం నాకు జరిగింది. చలవ చేస్తుందని సబ్జా గింజలు నానబెట్టి బాటిల్‌లో పోసుకుని బ్యారేజీ మీదుగా వెళ్తున్నా. సగం దారిలో పిండితే చుక్క రాదు. ఇంకా గట్టిగా పిండా. మూత ఊడి మొత్తం సబ్జా నా షర్టు మీద, హ్యాండిల్ మీద. చేప గుడ్ల సంచీ పగిలినట్టు ఉన్నాను. గింజ ఉబ్బితే మూతి కన్నంలో ఇరుక్కుంటుందని అప్పటిదాకా తట్టలేదు.

అలాగే మజ్జిగ. వడకట్టినా వెన్న పలుకు రింగు కింద దూరుతుంది, రెండో రోజుకి బాటిల్ దగ్గరికి వెళ్లలేం. ఇప్పుడు మజ్జిగ, రాగి అంబలి ఇంటికొచ్చాకే. బాటిల్‌లో నీళ్లు, లేదంటే ఓఆర్ఎస్.

రెండువందల కి.మీ. | హైదరాబాద్ | సోమవారం, రాత్రి 8:40

ఓఆర్ఎస్ అన్నారు కాబట్టి. చాలామంది పెద్ద ప్యాకెట్ చింపి 650 బాటిల్‌లో మొత్తం పోసేస్తారు. ఆ ప్యాకెట్ లీటరు నీళ్లకి. సగం ప్యాకెట్ అంటే గ్లూకోజ్, ఉప్పు సమంగా పడతాయన్న నమ్మకం లేదు. 200 మి.లీ.కి సరిపోయే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. మూడు తీసుకుని 600 గీత దాకా నీళ్లు పోస్తే లెక్క సరిగ్గా కుదురుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలు వేరు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఫార్ములా లేనివాటి పేరులో ఓఆర్ఎస్ అనే మాటే వాడకూడదంది.

నా పద్ధతి రెండు బాటిళ్లు. ఒకదాంట్లో ఎప్పటికీ ఉత్త నీళ్లే, మూత రంగు నీలం. రెండోది ఉప్పు, నిమ్మ, ఏదైనా. తియ్యటిది ఒక్కదానిలోనే పోస్తాం కాబట్టి ఒక్కదాన్నే గట్టిగా తోమాలి. కింద పడి మోకాలు గీరుకుంటే కడుక్కోవడానికి ఉత్త నీళ్లు ఉంటాయి. నిమ్మరసంతో కడుక్కున్న అనుభవం నాకుంది.

భీమిలి రోడ్డు | విశాఖపట్నం | సోమవారం, రాత్రి 9:30

కడిగే గొడవ లేని వాళ్లు రేసర్లే. తాగి విసిరేస్తారు. ఆ విసరడానికి కూడా గొడవే అనుకోండి. 2021 ఏప్రిల్‌లో బెల్జియంలో జరిగే ఫ్లాండర్స్ రేసులో మైకేల్ షేర్ అనే స్విస్ రైడర్ రోడ్డు పక్కన అభిమానులకి బాటిల్ విసిరాడని రేసు నుంచే తీసేశారు. చెత్త వేయడం మీద అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ కొత్త రూలు అప్పుడే వచ్చింది. చిన్నప్పుడు తనకీ ఒక రేసర్ బాటిల్ దొరికిందనీ, దానివల్లే సైకిల్ పిచ్చి పట్టిందనీ తర్వాత అతనే రాసుకున్నాడు. మా వాడు నా బాటిల్ చూస్తే పట్టేది పిచ్చి కాదు, వాంతి.

కొత్తచక్రం | హైదరాబాద్ | గురువారం, రాత్రి 8:15

అందరికీ చాలా థ్యాంక్స్. రిపోర్టు:

రింగు చెంచా కాడతో లేపాను. కింద గోధుమ రంగు అర్ధచంద్రం, పెన్సిల్‌తో గీసినట్టు. మూతి ఊడలేదు. వేడి నీళ్లలో నానబెట్టి, గుడ్డ చుట్టి, చివరికి నాన్న కటింగ్ ప్లేయర్ పట్టుకొస్తే వద్దన్నాను. మాస్టారు చెప్పినట్టు దండం పెట్టేశా.

షాపులో మూత తీసి చెయ్యి పెట్టి చూశాను, మూతి కూడా ఊడదీశాను. అతను నిజంగానే అదోలా చూశాడు. 650 ఒకటి, 500 ఒకటి తీసుకున్నా, సైడ్ ఎంట్రీ కేజ్ కూడా. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు అమ్మ సింకు దగ్గర నిలబడి "రబ్బరు తీశావా" అని అడుగుతోంది. స్టీలు బాటిల్ మాట మళ్లీ ఎత్తలేదు.

పాతది పారేయలేదు. బాగా కడిగి ఆరబెట్టి, లోపల ట్యూబు, ప్యాచ్ కిట్, టైర్ లివర్లు, ఒక యాభై నోటు పెట్టాను. వాటిని ఎవరూ తాగరు కదా.

గాలి తగ్గింది | వరంగల్ | గురువారం, రాత్రి 11:50

ఊరికే, మీ మాటలు చదివి, ఇందాకే నాది విప్పిన.

మాస్టారూ, ఆ చిన్న బ్రష్‌ని మెడికల్ షాపుల ఏమని అడగాలి?

బెజవాడ మాస్టారు | విజయవాడ | శుక్రవారం, ఉదయం 5:30

పాలపీక బ్రష్ అను. రెండు తీసుకో.